సమస్యాపూరణం: దగ్గు పిండి యయ్యెఁ దత్క్షణంబె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఇది.

దగ్గు పిండి యయ్యెఁ దత్క్షణంబె

ఆటవెలది నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే (గురువు, లఘువు గానీ మూడు లఘువులు గానీ), యతి (మొదటి, నాలుగో గణాల తొలి అక్షరాల పొత్తు) ద–ద. పైన మూడు పాదాలు మీరు కట్టాలి. అర్థం అసంబద్ధంగా కనిపిస్తోంది కదా, దాని తాళంచెవి ఇంగ్లీషు స్పెల్లింగులో ఉంది. ఓ, యు, జి, హెచ్ నాలుగూ వరసగా వచ్చే అయిదక్షరాల మాటలు తీసుకోండి: రఫ్, టఫ్, కాఫ్, డో, బౌ, ఆట్. కాఫ్ అంటే దగ్గు, డో అంటే పిండి. కాఫ్ మాటలో మొదటి సి తీసి డి పెడితే డో. అంటే దగ్గు కాస్తా పిండి. వేరే దారిలో అర్థం కుదిర్చినా సంతోషమే.

ఛందోభిలాషి:

ఆంగ్లపదములందు నైదక్షరములలో
మొదటి సీని తీసి ముందు డీని
నిలుపఁ గాఫు మాఱి నిమిషాన డోవయ్యె
దగ్గు పిండి యయ్యెఁ దత్క్షణంబె

నిర్వాహకుడు:
శుభారంభం. గణాలు, యతులు అన్నీ సరిపోయాయి. ఆ–ఐ యతి చక్కగా వేశారు. మూడో పాదం మీద మాత్రం నాకు మూడు అభ్యంతరాలున్నాయి.

‘నిమిషాన’ అన్నాక కింద ‘తత్క్షణంబె’ వస్తోంది. నిమిషమా, క్షణమా? ‘అయ్యె’ కూడా వెంటవెంటనే రెండుసార్లు పడింది. ఈ రెండూ చిన్నవి. పెద్దది సరళాదేశం, అంటే ద్రుతాంతం (నకారంతో ముగిసే మాట) తర్వాత క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లు కావడం. ‘నిలుపన్’ ద్రుతాంతం కాబట్టి ‘కాఫు’ను మీరు ‘గాఫు’ చేశారు. వ్యాకరణం ఒప్పుకుంటుంది. కానీ ఈ సమస్యకు ప్రాణమే ఆ మాట మొదటి అక్షరం! సీ పోయి డీ వచ్చిందని చెప్పే పద్యంలో సీ శబ్దం ముందే గకారమైపోతే పాఠకుడు దేన్ని పట్టుకోవాలి? ఇలాంటి చోట ద్రుతం లేని మాట ముందు పెట్టుకోవడం మేలు.

నిలుపగానె కాఫు నిలుచుండె డోయన

ఇలా అంటే మూడూ తీరతాయి.

ఛందోభిలాషి:
ధన్యవాదాలండీ. సరళాదేశం చేయకపోతే తప్పు పడుతుందనుకున్నాను గానీ, చేయడం వల్ల అర్థం దెబ్బతింటుందని తోచలేదు. సవరణ స్వీకరిస్తున్నాను.

పదవిహారి:

రఫ్ఫు, టఫ్ఫు, కాఫు, త్రూయును కలిసిరి
ఒక్క ప్రాస కట్టి యుండె మూఁడు
సీని డీగ మార్చఁ జిత్రముగా నాఁడు
దగ్గు పిండి యయ్యెఁ దత్క్షణంబె

నిర్వాహకుడు:
మొదటి పాదంలో యతి తప్పింది. ర–త్రూ దగ్గర రేఫను చూసి వేసి ఉంటారు, హల్లు వరకు మైత్రి ఉంది. కానీ అచ్చులు అ–ఊ కలవవు. అసలు త్రూ ఈ పద్యంలోకి రాకూడదు కూడా: దానికి ఇంగ్లీషులో ఏడక్షరాలు. దో, ఇనఫ్ కూడా ఆరేసి. మన హద్దు అయిదు. మాటలకు ‘కలిసిరి’ కుదరదు, అమహత్తు (మనుషులు కానివి) కదా.

రఫ్ఫు, టఫ్ఫు, కాఫు రయమునఁ గలిసెను

అంటే యతీ నిలుస్తుంది, లెక్కా నిలుస్తుంది, మీ రెండో పాదంలోని ‘మూఁడు’ కూడా అప్పుడే సరిపోతుంది. ‘నాఁడు’ పాదం నింపడానికే వచ్చింది, ‘జిత్రమౌ రీతిగా’ అనండి. ఒక్క ప్రాస అన్నది కూడా పూర్తిగా ఒప్పుకోలేను. రఫ్, టఫ్ ఒకదానికొకటి అద్దం. కాఫ్‌లో చివరి ఫకారం అదే అయినా ముందున్న అచ్చు వేరు.

అక్షరపథికుడు:

ఓయుజీలు హెచ్చు నొక్కచో నుండియు
పలుకు తీరు మారు పదము మార
ఫాయె సీకి కడను, పలుకదు డీకది
దగ్గు పిండి యయ్యెఁ దత్క్షణంబె

నిర్వాహకుడు:
ఇప్పటివరకూ వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. మిగతా పూరణలు ఒక అక్షరం మారిందని చెప్పి ఆగాయి. వీరు చెవికి వినిపించే మార్పును కూడా పద్యంలోకి తెచ్చారు. కాఫ్, డో మధ్య కంటికి ఒక్క అక్షరమే తేడా. పలికితే అచ్చు మారుతుంది, చివరి ఫకారమే పోతుంది. ‘ఫాయె సీకి కడను, పలుకదు డీకది’ అని ఒక్క పాదంలో పట్టుకోవడం సామాన్యం కాదు. ఫా–ప యతి కూడా అడగకుండానే అమరింది.

దీని వెనక చరిత్ర ఉంది. రఫ్, టఫ్ మాటల చివర పాత ఇంగ్లీషులో ఖకారానికి దగ్గరగా, గొంతులో ఒరుసుకుంటూ వచ్చే ఊపిరి శబ్దం ఉండేది. దాన్ని అప్పట్లో ఒక్క హెచ్‌తో రాసేవారు. జి, హెచ్ జంటగా రాయడం తర్వాత స్థిరపడింది. డో చివర మొదట్లో ఉన్నది గకారం వైపు శబ్దం. కాలక్రమంలో ఈ శబ్దాలు కొన్ని మాటల్లో ఫకారమయ్యాయి, కొన్నింటిలో పూర్తిగా జారిపోయాయి. రాత మాత్రం కదల్లేదు. ఐర్లండులో సరస్సును లాఖ్ అంటారు, అదీ ఈ నాలుగక్షరాలతో ముగిసే మాటే. అక్కడ ఆ గొంతు శబ్దం ఇప్పటికీ వినొచ్చు. గుర్రం వెనక కాలి కీలుకు ఇదే అక్షరాలతో రాసే మాటను హాక్ అని పలుకుతారు. ఎక్కిళ్ళకు హికప్ అన్న మాట చివర కూడా కాఫ్ స్పెల్లింగు తగిలించి రాయడం ఉంది, దగ్గుతో పోలిక చూసి కలిపేశారన్నమాట. పలకడం మాత్రం హికప్ అనే.

లోపం ఒకటుంది. సీ స్థానంలో డీ వచ్చిందని పద్యంలో ఎక్కడా లేదు. కథ తెలిసినవాళ్ళకే అందుతుంది. రెండో పాదం ‘పలుకు మారు డీయె బదులు రాఁగ’ అంటే ఆ లంకె పడుతుంది, ప–బ యతీ సరే.

అక్షరపథికుడు:
చాలా సంతోషం. ఒక సందేహం. కాఫ్ అని పొల్లుతో ఉంచితే ఒక్క గురువే కదా, ‘కాఫు’ అనడం న్యాయమేనా?

నిర్వాహకుడు:
న్యాయమే. అన్యదేశ్యాలకు (పరభాషా పదాలకు) ఉకారం చేర్చి గలం (గురువు, లఘువు) చేసుకోవడం మనకు అలవాటైన పద్ధతి. హెచ్ కూడా ‘హెచ్చు’ అయితేనే ఆటవెలదిలో సుఖంగా కూర్చుంటుంది.

తేనెపలుకు:
నేను క్రమాలంకారంలో (ప్రశ్నల వరసలోనే జవాబులు వచ్చేలా) ప్రయత్నించాను.

కాఫు కర్థ మేమి? కలిపిన డోకేమి?
పూరణమ్ము తమకుఁ బూర్తి యాయె?
ఎప్పుడనుచు నడుగ నిడిరి జవాబులు
దగ్గు, పిండి, యయ్యెఁ, దత్క్షణంబె

నిర్వాహకుడు:
అమ్మా, అద్భుతం! నాలుగు ప్రశ్నలు, సమస్యలోని నాలుగు మాటలే నాలుగు జవాబులు. దగ్గు పిండి కావలసిన అవసరమే లేకుండా విడగొట్టేశారు. ఎ–ఇ యతి కూడా చక్కగా కుదిరింది. ‘కలిపిన’ అనడం మరీ బాగుంది. ఉత్త పిండి వేరు, నీళ్ళు పోసి కలిపినది వేరు. డో అంటే రెండోదే.

ఒక్క మాట మార్చండి. ‘డోకేమి’ని డోకు, ఏమి అని విడదీసి చదివితే వాంతి గుర్తొస్తుంది. పక్కన దగ్గు కూడా ఉంది కాబట్టి పాఠకుడు అటే పోతాడు. ‘కలిపిన డో యేమి’ అంటే గణం మారదు.

తేనెపలుకు:
నిజమే, చదువుకున్నప్పుడు వినిపించలేదు. మార్చాను. కంద పద్యంలో పెట్టినా ఇది కుదురుతుందా?

నిర్వాహకుడు:
సమస్య పాదాన్ని ఉన్నదున్నట్టు కందంలో ఇమడ్చలేం. కందానికి చతుర్మాత్రా గణాలు కావాలి, ఇక్కడున్నవన్నీ మూడేసి మాత్రలవి. పైగా ప్రతి పాదంలో రెండో అక్షరం కలవాలనే ప్రాస నియమం ఉంటుంది. భావం తీసుకుని కొత్తగా రాస్తే తప్పక చూస్తాను.

వచ్చేవారం సమస్య కూడా ఇదే కుటుంబం నుంచి:

గరుకు గట్టిపడెను గడియలోన

రఫ్, టఫ్ అని మాటలు నేరుగా వాడకుండా పూరించండి.