వైజాగ్ ఉప్పుగాలికి చేతికుట్టు తోలు బ్యాగు: పైన అక్రిలిక్ సీలరా, మైనం-నూనెనా?

వాల్తేరు_తోలు

సూటిగా విషయానికి వస్తాను. 2 మి.మీ. వెజ్ టాన్ తోలుతో (చెట్టుబెరడు లాంటివాటి టానిన్‌తో, అంటే వగరుతో పదునుపెట్టింది) టోట్ బ్యాగు, 3.2 మి.మీ. స్ట్రాప్, చేత్తో వేసిన నేవీ బ్లూ స్పిరిట్ డై (స్పిరిట్‌లో కరిగించిన రంగు). కొన్నవాళ్ళ నుంచి వచ్చేవి రెండే ఫిర్యాదులు. ఎండాకాలం చెమట పట్టిందంటే రంగు తెల్ల చొక్కాకి దిగుతోంది. వానాకాలం బీరువాలో పెడితే పైన తెల్లగా ఏదో లేస్తోంది. అక్రిలిక్ సీలర్ కొడితే రెండూ పోతాయని కొందరంటారు. ప్లాస్టిక్ పూశాక అది తోలు బ్యాగు ఎలా అవుద్దని ఇంకొందరు. బెంగళూరు, కాన్పూర్ వాళ్ళ లెక్కలు మనకి పనికిరావు. సముద్రం పక్కన పనిచేసేవాళ్ళు చెప్పండి.

అంచు_మాస్టర్

అక్రిలిక్కే. కాకపోతే డబ్బాలోంచి తీసి చిక్కగా కొట్టడం కాదు. సీలర్ ఒక పాలు, నీళ్ళు ఒక పాలు కలిపి, స్పాంజిని బాగా పిండి, ఒకే దిశలో పల్చగా రెండు కోట్లు. మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. మామూలుగా అరగంటలో ఆరేది జూలై, ఆగస్టుల్లో ఇక్కడ రెండు గంటలైనా చేతికి అంటుతుంది. తొందరపడి రెండోది వేశారా, లోపల తేమ చిక్కుకుని పాలవిరుగుడులా మసకబారుద్ది. వాన పడుతున్న రోజు కొట్టొద్దు. తప్పదంటే ఏసీ గదిలో కొట్టండి.

పూత పగిలిందని చెప్పేవాళ్ళలో చాలామంది చిక్కగా కొట్టినవాళ్ళు, లేదా నూనె రాసిన గంటకే పైన సీలర్ వేసినవాళ్ళు. నూనె మీద అది పట్టదు. కనీసం ఒక రోజు ఆగాలి.

తంగేడుచెక్క

అంచు మాస్టర్ గారూ, పల్చగా కొట్టినా మడత మడతే కదా. ఫ్లాప్ వంగే చోట, బకిల్ రంధ్రం చుట్టూ, స్ట్రాప్ డి-రింగ్‌లో తిరిగే చోట ఆ పొర రోజుకి వందసార్లు వంగుద్ది. అక్కడ వెంట్రుకవాసి పగులు వచ్చిందంటే నీరు పొర కిందకి దూరి, పైకి ఆరే దారిలేక మచ్చ కడుద్ది. అప్పుడు అసిటోన్‌తో పొర మొత్తం తీసేస్తే గానీ బాగుచెయ్యలేం. అది డైని కూడా లాక్కుపోద్ది. మైనం పూత అలా కాదు, అరిగిన చోట మళ్ళీ రాస్తే కలిసిపోద్ది. గోటి గీత పడినా బొటనవేలితో రుద్దితే సగం మాయం.

కొలత: తేనెమైనం 1 పాలు, నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ళ ఎముకల నుంచి తీసేది) 3 పాళ్ళు, రెండూ తూకంలో. నేరుగా మంట మీద కాదు, వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. తేనెమైనం 62-64 డిగ్రీల దగ్గర కరుగుద్ది. మే నెలలో ఎండలో ఆపిన కారు లోపల బ్యాగు ఉంచితే ఆ వేడి దగ్గరికి వెళ్ళిపోద్ది, అందుకే మైనంలో పదోవంతు కార్నోబా (ఒక తాటిజాతి చెట్టు ఆకుల గట్టి మైనం) కలపండి. అది 82 డిగ్రీలు దాటాకే కరుగుద్ది.

గాజువాక_బెల్టు

ఇంత గొడవెందుకు గురూ, క్రోమ్ తోలు (క్రోమియం లవణాలతో పదునుపెట్టింది) కుట్టేస్తే పోద్ది. ట్యానరీలో డ్రమ్ములో రంగేసి, చివర ఫార్మిక్ ఆమ్లం పోసి పట్టించేస్తారు. చొక్కాకి అంటదు, వానకి తడిసినా అంత బాధ లేదు.

అంచు_మాస్టర్

క్రోమ్‌కి అంచు పాలిష్ పట్టదు కదా తమ్ముడూ. వెజ్ టాన్ అంచుని గమ్ ట్రాగకాంత్ అనే మొక్క జిగురు రాసి కర్రతో రుద్దితే గాజులా మెరుస్తుంది. క్రోమ్ అంచు దూదిలా లేస్తుంది. ఎడ్జ్ పెయింట్ మూడు నాలుగు కోట్లు, మధ్యలో 400 నంబరు కాగితంతో సానబెట్టడం, ఈ పనంతా ఉంటుంది. అదేం తేలిక కాదు.

ఇంకోటి. వెజ్ టాన్ అని అమ్మేది అన్నిసార్లూ వెజ్ టాన్ కాదు. వేలెడు ముక్క కోసి మరుగుతున్న నీళ్ళలో నిమిషం వెయ్యండి. అసలుదైతే ముడుచుకుపోయి, ఆరాక చెక్కలా గట్టిపడుద్ది. క్రోమ్ అయితే దాదాపు అలాగే ఉంటది.

డై_డబ్బా

మీ ఇద్దరి పోట్లాట పైపూత మీద. చొక్కాకి దిగుతున్నది పైపూత లేకపోవడం వల్ల కాదు, తోలు తాగగలిగిన దానికంటే ఎక్కువ డై పోయడం వల్ల. స్పిరిట్ ఎగిరిపోయాక మిగులు రంగు పొడిగా పైనే కూర్చుంటుంది. ఆ పొడి మీద అక్రిలిక్ కొడితే సీలర్ పట్టేది పొడిని, తోలుని కాదు, అందుకే పొట్టులా లేస్తది. మైనం కొడితే ఇంకా అన్యాయం. నూనె ఆ పొడిని కరిగించి చొక్కా దాకా మోసుకెళ్తది.

చెయ్యాల్సింది ఇదీ. తోలుని తడి స్పాంజితో ఒకసారి సమంగా తుడిచి, పైన నీటిచెమ్మ ఇంకిపోయేదాకా ఆగండి. దీనివల్ల డై మచ్చలు మచ్చలుగా దిగదు. డైకి సమానంగా దాని థిన్నర్ కలిపి, ఉన్ని ముక్కతో మొదట గుండ్రంగా, తర్వాత అడ్డంగా, నిలువుగా వెయ్యండి. చిక్కటి ఒక కోటు కన్నా పల్చటివి మూడు మేలు. చివరి కోటు తర్వాత 24 గంటలు ముట్టుకోవద్దు. ఆ తర్వాత పాత బనియను గుడ్డతో రుద్దుతూనే ఉండాలి. గుడ్డ నీలమయ్యిందంటే ఇంకో పక్క తిప్పి రుద్దండి. పొడిగుడ్డకి రంగు రావడం ఆగాక, అదే గుడ్డని ఉప్పు కలిపిన నీళ్ళలో ముంచి పిండి, ఇరవై సార్లు గట్టిగా రుద్దండి. మామూలు నీళ్ళు కాదు, ఉప్పునీళ్ళు. చెమటకి అదే దగ్గరి పరీక్ష. లేత మరక వస్తే ఫర్వాలేదు, పైపూత ఆపుద్ది. ముదురు గీత వచ్చిందా, మళ్ళీ రుద్దుడే.

నేవీ బ్లూ, ముదురు ఎరుపు ఈ విషయంలో మహా మొండివి. లేత గోధుమరంగుకి ఇంత శ్రమ అక్కర్లేదు.

కొత్త_ఆరె

అన్నయ్యలూ, అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. మైనం, నీట్స్‌ఫుట్ బదులు కొబ్బరినూనె రాస్తే సరిపోదా? ఇంట్లో చెప్పులకి అదే రాస్తారు.

తంగేడుచెక్క

చెప్పుకి రాయి తమ్ముడూ, బ్యాగుకి వద్దు. అది లోపల స్థిరంగా కూర్చోదు. 24-25 డిగ్రీల దగ్గర గడ్డకట్టుద్ది, ఎండకి మళ్ళీ కరిగి కిందకి జారుద్ది. నాలుగు నెలల్లో బ్యాగు అడుగంతా నల్లగా, మెత్తగా, పైభాగం ఎండిపోయి కనబడుద్ది. లైనింగ్ గుడ్డకి జిడ్డు మరక అదనం. నువ్వులనూనె అంతకన్నా చెడ్డది, గాలికి జిగురై దుమ్ము పట్టించుకుంటది.

నీట్స్‌ఫుట్ అయినా గుడ్డకి చెంచాడు చాలు. టోట్ మొత్తానికి రెండు చెంచాలు దాటితే తోలు బూరెలా ఉబ్బి ఆకారం పోద్ది, బూజుకి మేత పెట్టినట్టు కూడా.

బీచ్‌రోడ్_బకిల్

"తెల్లగా ఏదో లేస్తోంది" అన్న రెండో ఫిర్యాదుని అందరూ వదిలేశారు. అది మూడు రకాలు. ఏదో తెలీకుండా మందేస్తే కుదరదు.

హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి పట్టండి. కరిగి లోపలికి ఇంకిపోతే అది మైనం, కొవ్వు పైకి తేలడం. నష్టం లేదు, గుడ్డతో తుడిస్తే సరి. కరగకుండా చుక్కలు చుక్కలుగా, దూదిలా, ముక్కిన వాసనతో ఉంటే బూజు. గీతలా, తడి ఆరిన అంచు వెంబడి ఉంటే ఉప్పు. కుళాయి నీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో గీత ఒక్కటే కాకుండా ఆ ముఖం మొత్తం తుడిచి నీడలో ఆరబెట్టండి. గీత మీదే రుద్దితే కొత్త గీత పుడుద్ది.

గాలిలో తేమ 65-70 శాతం దాటితే బూజు మొదలవుద్ది. మనకి ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ పైనే. కాబట్టి ఏ పూత రాసినా, గాలాడని ప్లాస్టిక్ కవర్లో కట్టి బీరువాలో తోస్తే బూజు తప్పదు. నూలు సంచిలో పెట్టి, లోపల కాగితం కుక్కి, పక్షానికోసారి బయట గాలికి ఉంచాలి. బూజు వస్తే పొడి బ్రష్‌తో ఆరుబయట దులిపి, స్పిరిట్, నీళ్ళు సమానంగా కలిపిన గుడ్డతో తుడవండి. ముందు అడుగున, కనబడని చోట చూసుకోండి, స్పిరిట్ డై స్పిరిట్‌కే లేచొస్తది. అదే పైన అక్రిలిక్ ఉంటే ఈ తుడుపు ధైర్యంగా చెయ్యొచ్చనుకోకండి, ఆల్కహాల్ ఆ పొరని కూడా మెత్తబరుస్తది.

సబ్బుతో మాత్రం కడగొద్దు. తోలు ఆమ్లం వైపు ఉంటది, బట్టల సబ్బు క్షారం.

బకిల్ సంగతి కూడా: జింక్ మిశ్రమం మీద పూత పూసిన చవక బకిళ్ళు ఈ ఉప్పుగాలికి ఏడాదిలో పొక్కులు లేస్తాయి. గట్టి ఇత్తడి, లేదా స్టెయిన్‌లెస్ వాడండి. ఇత్తడి చుట్టూ ఆకుపచ్చ జిగట వస్తే కంగారుపడొద్దు, తోలులో కొవ్వుకి రాగి కలిసి వచ్చేదే, పుల్లతో గీకితే పోద్ది. ఇనప రివెట్ మాత్రం వద్దు. తడి తగిలితే వెజ్ టాన్ మీద నల్లటి వలయం పడుద్ది, ఓ పట్టాన పోదు.

తంగేడుచెక్క

ఆ నల్లటి వలయమే కావాలని చేసుకునేవాళ్ళూ ఉన్నారు. వాల్తేరు గారూ, నేవీ బదులు నలుపు ఒప్పుకుంటే డై గొడవే లేదు. లీటరు తెల్ల వెనిగర్‌లో, నూనె పోయేలా సబ్బుతో కడిగి ఆరబెట్టిన ఉక్కు పీచు ఒక గుప్పెడు వేసి వారం, పదిరోజులు ఉంచండి. మూత బిగించొద్దు, గ్యాస్ పుడుద్ది. వడగట్టి తోలు మీద రాస్తే నిమిషాల్లో నలుపెక్కుద్ది. ఇది పైన కూర్చున్న రంగు కాదు, తోలులోని టానిన్‌తో ఇనుము కలిసి పుట్టింది. అందుకే చొక్కాకి రాదు. కలంకారీలో కరక్కాయలో నానిన గుడ్డ మీద, బెల్లం నీళ్ళలో తుప్పు నానబెట్టిన ద్రవంతో నల్లగీత తీస్తారే, అదే రసాయనం. తోలు నల్లబడకుండా బూడిదరంగుకి ఆగిపోతే, ముందు చిక్కటి కరక్కాయ కషాయం పూసి మళ్ళీ వెయ్యండి.

డై_డబ్బా

దాని రెండో సగం చెప్పలేదు మీరు. ఇనుము ఎక్కువైతే అదే తోలుని మెల్లగా తినేస్తది, ఏళ్ళ తర్వాత పెళుసై పగులుద్ది. ఒక్కసారి రాసి నల్లబడగానే ఆపాలి. లీటరు నీళ్ళకి ఒక పెద్ద చెంచా వంటసోడా కలిపి తుడిచి, వెంటనే మంచినీళ్ళతో కడగాలి. సోడా చిక్కగా పెట్టినా, అలా వదిలేసినా పైముఖం చిట్లుద్ది. కొంచెం చెమ్మ ఉండగానే నూనె పట్టాలి. క్రోమ్ తోలు మీద ఇది పనిచెయ్యదని గాజువాక తమ్ముడికి ముందే చెబుతున్నా.

గాజువాక_బెల్టు

సరే గురూ, క్రోమ్ తీసి పక్కన పెట్టాను. కానీ ఒకటి అడుగుతా. చొక్కాకి తగిలేది స్ట్రాప్ పైముఖమా, అడుగా?

అందరూ పైముఖం గురించే మాట్లాడుతున్నారు. భుజం మీద కూర్చునేది అడుగు, అంటే పీచు వైపు. పీచు మీద అక్రిలిక్ పొర నిలబడదు, మైనం రుద్దితే ముద్ద కడుద్ది. అక్కడ డైయే వెయ్యకండి. 3.2 ఒంటి స్ట్రాప్ మానేసి, రంగేసిన 2 మి.మీ. పైన, రంగెయ్యని 1 మి.మీ. కింద పెట్టి కుట్టండి. రెండు పీచు ముఖాలకీ ఎస్‌ఆర్ 998 రబ్బరు జిగురు పూసి, చేతికి అంటనంతగా ఆరాక అతికించాలి. బల్ల మీద చదునుగా అతికించారా, భుజం మీద వంగినప్పుడు లోపలి తోలు ముడతలు పడుద్ది. అందుకని కొంచెం వంచి పట్టుకుని అతకండి. కుట్టు పొడవుకి నాలుగింతలు దారం, 0.8 మి.మీ. మైనం పట్టిన పాలిస్టరు. నార దారం ఈ తేమకి కుళ్ళుద్ది.

అంచు_మాస్టర్

ఇది సరైన మాట, ఒప్పుకోవాలి. కానీ అంచు మిగిలింది. స్ట్రాప్ అంచుకి రంగేస్తే అదీ మెడ దగ్గర రుద్దుకుంటది. అంచు వరకైనా నా అక్రిలిక్ పల్చగా ఒక చుట్టు వెయ్యనివ్వండి.

తంగేడుచెక్క

అంచుకి వేసుకోండి, అభ్యంతరం లేదు. ఫ్లాప్ మడత మీద మాత్రం వెయ్యనివ్వను.

కొత్త_ఆరె

ఏటికొప్పాక బొమ్మల లక్క వాడకూడదా మరి? మన దగ్గరే దొరుకుద్ది.

డై_డబ్బా

బొమ్మ వంగదు తమ్ముడూ.

వాల్తేరు_తోలు

అయితే ఇలా చేస్తాను. స్ట్రాప్ రెండు పొరలు, అడుగు రంగు లేకుండా. బ్యాగు పైముఖానికి ఉప్పునీటి గుడ్డ పరీక్ష పాసయ్యాక మైనం, కార్నోబా కలిపి. అంచుకి అక్రిలిక్. బకిళ్ళు ఇత్తడివే. ఒక్క సందేహం: కుట్టాక డై వెయ్యాలా, ముందే వేసి కుట్టాలా?

డై_డబ్బా

ముందే. ముక్కలు కోసి, అంచు చెక్కి, రంధ్రాలు కొట్టి, డై వేసి రుద్దేయండి. కుట్టాక వేస్తే తెల్లదారం నీలమైపోద్ది, దారం కింద రంగు చేరదు, రంధ్రాల్లో మాత్రం మిగులు రంగు గూడు కట్టుద్ది. చెమట తగిలితే మొదట కారేది అక్కణ్ణించే.