ప్యాకేజీల పనికి కాలేజీ పిల్లల్ని పెట్టుకుంటే సాయమా, తలనొప్పా?

రేణిగుంట_రూట్:
పగలు తిరుపతిలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రిపూట డెబియన్ అనే లినక్స్‌లో ఆరు డెస్క్‌టాప్ ప్యాకేజీలు (వేరేవాళ్లు రాసిన యాప్‌లను డెబియన్‌లో పెట్టుకునేట్టు కట్టిన మూటలు) చూసుకుంటా ఉండాను. మూడింటికి అసలు కోడు రాసేవాళ్లు కొత్త వెర్షన్లు వదిలి చాలా రోజులైంది, నేను ముట్టుకోనే లేదు. ఇంకొకటి ఇప్పటికీ జీటీకే 2 (యాప్ విండోలు, బటన్లు గీసే పాత లైబ్రరీ) మీదే నడుస్తా ఉంది. 2020 డిసెంబరులో జీటీకే 4 రాగానే జీటీకే 2కి మంగళం పాడేశారు. కాబట్టి నా ప్యాకేజీది దినదిన గండమే.

డెబియన్‌లో సాయం అడిగేదానికి పద్ధతులున్నాయి. ఆర్‌ఎఫ్‌హెచ్ అని బగ్ (అందరికీ కనబడే చీటీ) పెడితే ఒక చెయ్యి వేయమని. ఆర్‌ఎఫ్‌ఏ అంటే దత్తత తీసుకోమని. ఉత్త 'ఓ' పెడితే అనాథగా వదిలేసినట్టు. నేను ఆర్‌ఎఫ్‌హెచ్ పెట్టి ఏడు నెలలు. వచ్చిన జవాబు ఒకటే: 'నాకూ ఈ యాప్ ఇష్టం, తొందరగా సరిచేయండి.'

ఇప్పుడు ఒక ఇంజినీరింగ్ కాలేజీ సారు 'నలభై మందిని పంపుతా, ప్రాజెక్టు మార్కులు వేసుకుంటాం' అంటా ఉండారు. ఒప్పుకోమంటారా?

పీలేరు_పెంగ్విన్:
వద్దు సామీ. 2020లో హాక్టోబర్‌ఫెస్ట్ (అక్టోబరులో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపితే టీషర్టు ఇచ్చే పండగ) గోల మర్చిపోయినావా? టీషర్టు కోసం రీడ్‌మీ అనే పరిచయం ఫైల్లో ఒక ముక్క అటూ ఇటూ మార్చి పంపినోళ్లే పంపినోళ్లు. చివరికి నిర్వాహకులు ఆ నెలలోనే నియమం మార్చి, మాకు ఇష్టమే అని చెప్పిన ప్రాజెక్టులకు మాత్రమే లెక్క అన్నారు. టీషర్టుకే అట్టుంటే మార్కులకు ఎట్టుంటుందో చూసుకో. నలభై మంది పంపింది చదివేది ఎవరు? నువ్వే. ఆరు ప్యాకేజీలకే నిద్ర లేదంటివి.

చంద్రగిరి_చెల్లి:
అన్నా, నేను అట్లాంటి పిల్లల్లో ఒకదాన్నే, ఫైనలియర్. పోయిన ఏడాది మొదటిసారి ఒక ప్యాకేజీ బిల్డ్ చేస్తే 'మిస్సింగ్ సెపరేటర్' అని ఆగిపోయింది. ప్యాకేజీని ఎట్ట కట్టాలో చెప్పే రూల్స్ ఫైలును ఫ్రెండు ఫోన్‌లో పంపితే కాపీ కొట్టి పెట్టినా. హాస్టల్లో రెండు గంటలు ఒక్కో అక్షరం పోల్చి చూసినా, అంతా ఒకటే. ఆ ప్యాకేజీ చూసుకునే పెద్దాయన మెయిల్లో ఒక్క వాక్యం రాసినారు, 'లైను మొదట్లో ట్యాబ్ ఉందా, ఖాళీలున్నాయా?' అని. అక్కడ ట్యాబే ఉండాలంట, ఫోన్లో వచ్చేటప్పటికి ట్యాబులన్నీ ఖాళీలైపోయినాయి. అది కంటికెట్ట కనబడుతుంది? ఆ ఒక్క జవాబు లేకుంటే నేను మళ్లీ ఆ పక్కకే పోయేదాన్ని కాదు.

మీ ఆర్‌ఎఫ్‌హెచ్‌లో 'సాయం కావాలి' అని మాత్రమే ఉంటే ఏం చేయాలో మాకెట్ట తెలుస్తుందన్నా? 'అసలు ప్రాజెక్టు అడ్రసు మారింది, వాచ్ ఫైలు (కొత్త వెర్షన్ ఎక్కడ వెతకాలో చెప్పేది) పనిచేయడం లేదు, సరిచేసి యూస్కాన్ (అట్లా వెతికే టూలు) నడిపి చూడు' అని రాయండి. ఒక సాయంత్రం పని అది.

చిత్తూరు_చెక్‌సమ్:
పని చేసేవాళ్లు దొరుకుతారు. తాళం, అంటే కొత్త వెర్షన్ వదిలే అధికారం, ఎవరికిస్తావన్నదే నా భయం. ఎక్స్‌జెడ్ (లినక్స్‌లో ఫైళ్లను కుదించే టూలు) సంగతి గుర్తుందా? దాన్ని చూసుకునే మనిషి ఒక్కడు, అలిసిపోయి ఉన్నాడు. జియా టాన్ పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా ఒద్దికగా ప్యాచ్‌లు పంపినారు. వేరే పేర్లతో ఇంకొందరు 'కొత్త మనిషికి అప్పగించవయ్యా' అని ఆయన్ను సతాయించినారు. తాళం చేతికి రాగానే 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టేశారు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ (దూరంగా ఉన్న కంప్యూటర్లోకి పోయే దారి) అర సెకను ఆలస్యమవుతా ఉందేందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వబట్టి 2024 మార్చిలో బయటపడింది. మన అదృష్టం అంతే.

చంద్రగిరి_చెల్లి:
అది మార్కుల కోసం వచ్చిన పిల్లల పని కాదు కదన్నా. అక్కడ పక్కన ఇంకో జత కళ్లు లేకనే అంత దూరం పోయింది. పైగా డెబియన్‌లో మాకు తాళం ఇచ్చేదెవరు? మేం చేసింది స్పాన్సర్ (అప్‌లోడ్ హక్కున్న డెబియన్ మనిషి) చూసి, ఆయనే అప్‌లోడ్ చేయాలి. కొన్నాళ్లకు డెబియన్ మెయింటైనర్ అయినా, అనుమతి ఇచ్చిన ప్యాకేజీలకే.

చిత్తూరు_చెక్‌సమ్:
స్పాన్సర్ నిజంగా తెరిచి చదివితే సరే. ఎక్స్‌జెడ్‌లో దొంగదారిని నడిపించే ముక్క గిట్‌లో (అందరూ చూసే కోడు చరిత్రలో) లేదు, విడుదల చేసిన టార్‌బాల్‌లో (కోడును మూటకట్టిన ఫైల్లో) ఉంది. రాత్రి పన్నెండుకు నిద్రకళ్లతో చూసేవాడికి అది దొరికేదేనా?

పీలేరు_పెంగ్విన్:
డబ్బులిచ్చి చేయించుకోమని మాత్రం ఎవరూ అనొద్దండి. ఇచ్చేవాడుంటే రూట్‌కు ఈ పోస్టు పెట్టే అవసరమే రాదు.

రేణిగుంట_రూట్:
సరే, నలభై మంది వద్దని సారుకు చెప్పేస్తా. ముగ్గురు చాలు. జీటీకే 2 దానికి 'ఓ' పెట్టేస్తా ఉండాను, ఏడుపొస్తా ఉంది కానీ ఇంక నా వల్ల కాదు. మిగతా ఐదింటికీ చెల్లి చెప్పినట్టు ఒక్కోదానికి ఒక్కో చిన్న పని రాసి, ఆర్‌ఎఫ్‌హెచ్ మళ్లీ పెడతా. చెక్‌సమ్ అన్నా, టార్‌బాల్‌నూ గిట్‌నూ పోల్చే పని నీకే ఇస్తా, తప్పించుకోవద్దు.

పీలేరు_పెంగ్విన్:
ముగ్గురికే మార్కులంటే తక్కిన ముప్పై ఏడు మందీ మీ ఇంటి ముందరే ఉంటారు. ఎట్ట ఏరుతావు?

రేణిగుంట_రూట్:
ట్యాబులు పోయిన రూల్స్ ఫైలు ఒకటి అందరికీ పంపుతా.