ఇన్యూట్ రాతి బొమ్మలు, ప్రింట్లు: వాళ్ల సంప్రదాయమా, బయటోళ్లు పెట్టించిన దుకాణమా?

టొరంటో తమ్ముడు:
అందరికీ నమస్తే. పోయిన నెల ఇక్కడ ఒక గ్యాలరీలో చిన్న రాతి ఎలుగుబంటి కొన్నా, అరచేతిలో పడుతుంది, ముదురు ఆకుపచ్చ రాయి, ఒంటికాలి మీద చిందేస్తున్నట్టు ఉంటుంది. కెనడా ఉత్తరాన ఆర్కిటిక్‌లో ఇన్యూట్ అనే ఆదివాసీలు ఉండే బాఫిన్ దీవి, దాని దక్షిణ కొసన కింగైట్ అనే ఊళ్లో చేసిందట, 2020 వరకు దాన్ని కేప్ డోర్సెట్ అనేవాళ్లు. సంబరంగా ఇంటికి తెస్తే మా బావమరిది గాలి తీసేశాడు. "బావా, ఇదంతా 1949 తర్వాత తెల్లోళ్లు చేయించి అమ్మించిన సరుకు, పురాతన కళ అనుకుని అంత పోశావా" అని.

నాకు నిద్రపట్టక చదవడం మొదలెట్టా. వాడు పూర్తిగా తప్పేం కాదు. జేమ్స్ హ్యూస్టన్ అనే కెనడా ఆర్టిస్టు 1948లో బొమ్మలేసుకుందామని ఉత్తరానికి వెళ్లి ఇనుక్జువాక్ అనే ఇన్యూట్ ఊళ్లో చిన్న చిన్న చెక్కడాలు చూశాడు, మాంట్రియల్‌లో హస్తకళల గిల్డ్ వాళ్లకి చూపిస్తే డబ్బిచ్చి మళ్లీ పంపారు, 1949 నవంబర్లో అమ్మకానికి పెడితే 3 రోజుల్లో మొత్తం ఖాళీ. ప్రింట్లైతే, అంటే రాతి మీద చెక్కి కాగితం మీద అచ్చు తీసే బొమ్మలు, ఇంకా లేటు, 1957లో కింగైట్‌లో మొదలు. ఆ తర్వాత హ్యూస్టన్ జపాన్ వెళ్లి ఉనిచి హిరత్సుకా అనే ప్రింట్ల ఆర్టిస్టు దగ్గర కొన్ని నెలలు నేర్చుకుని వచ్చాడు, 1959లో మొదటి కలెక్షన్. అక్కడ్నుంచి ఏటా వస్తూనే ఉంది.

మరి దీన్ని సంప్రదాయం అనొచ్చా? మీరేమంటారు?

కాకినాడ కాజా:
మీ బావమరిదికి నా ఓటు. మీరు ఒకటి వదిలేశారు, 1951లో ఆ హ్యూస్టనే ప్రభుత్వం తరఫున ఒక బుక్‌లెట్ వేశాడు, ఏమేం చేస్తే అమ్ముడుపోతాయో బొమ్మలు గీసి మరీ. అందులో యాష్ ట్రేలు, క్రిబేజ్ ఆట బోర్డులు, ఆఖరికి టోటెం పోల్ కూడా!! టోటెం పోల్ అంటే బొమ్మలు చెక్కి నిలబెట్టే స్తంభం, ఎక్కడో పసిఫిక్ తీరం వాళ్లది, అక్కడి పెద్ద పెద్ద దేవదారు మానులతో చేసేది, చెట్టే మొలవని చోట ఉన్నోళ్లకి అది చెయ్యండని చెప్పడమేంటండీ. తర్వాత 1961లో ఒక కౌన్సిల్ పెట్టారు, ఏ ప్రింట్ బయటికి రావాలో ఏది రాకూడదో దక్షిణ కెనడాలో కూర్చున్న వాళ్లు చూసి ఓకే చేసేవాళ్లు, 1989 వరకు ఇదే తంతు. పైగా వాళ్ల భాషలో ఆర్ట్ అనడానికి అచ్చంగా మాటే లేదంట. కొనేవాడు బయటోడు, నేర్పినవాడు బయటోడు, పాస్ ఫెయిల్ వేసేవాడు బయటోడు. ఇంక వాళ్లదేముంది అందులో, చెయ్యి తప్ప?

పాప్‌కార్న్ పాపారావు:
కూర్చున్నా. కానివ్వండి.

శారద వి:
కాజా గారూ, బుక్‌లెట్ సంగతి నిజమే, సిగ్గుపడాల్సిన విషయమే. కానీ అందులో గీసినట్టు చేసిన యాష్ ట్రేలు ఇవాళ ఎవరికి గుర్తున్నాయండీ? గుర్తున్నవన్నీ అందులో లేనివే.

మాట లేదు అంటున్నారు. సనంగువాక్ అనే మాట ఉంది, పోలిక చెయ్యడం అనే అర్థంలో. కొండపల్లి వెళ్లి తెల్ల పొణికి చెక్కేవాళ్లని అడగండి, "ఆర్ట్ చేస్తున్నాం" అనరు, బొమ్మలు చేస్తున్నాం అంటారు. అంతమాత్రాన అది కళ కాకుండా పోయిందా?

ఇక చెక్కడం 1949లో పుట్టలేదు. ఇన్యూట్‌ల కంటే ముందు అక్కడ ఉన్న డోర్సెట్ ప్రజలు, ఇన్యూట్‌లు వాళ్లని తునిత్ అంటారు, వాల్రస్ దంతంతో వేలెడంత ఎలుగుబంట్లు చెక్కారు. ఇన్యూట్‌ల సొంత పూర్వీకులు దువ్వెనలు, సూదుల పెట్టెల మీద గీతలు చెక్కారు. ఇంట్లో వెలిగే దీపం, కుల్లిక్ అంటారు, సీల్ కొవ్వుతో మండేది, అది సోప్‌స్టోన్ అనే మెత్తటి రాయిని తొలిచి చేసిందే. అంటే రాయి తెలుసు, పనిముట్టు తెలుసు. మారింది సైజు, మారింది కొనేవాడు.

ప్రింట్ల మీదే నాకు ఎక్కువ మాట్లాడాలనుంది. నేను ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో లినోకట్ చేశాను, మెత్తటి లినోలియం మీదే నా వేళ్లు కోసుకుపోయేవి. వీళ్లు రాతి పలకని చదును చేసి, బొమ్మ దాని మీదకి ఎక్కించి, ఇంకు అంటాల్సిన చోటు ఉంచి మిగతాదంతా చెక్కేస్తారు, తర్వాత రంగు రాసి, పల్చటి జపాన్ కాగితం పరిచి వెనకనుంచి చేత్తో రుద్దుతారు. ప్రెస్సు లేదు. మామూలుగా 50 కాపీలు, ఆ తర్వాత రాతి మీద బొమ్మని పాడుచేసేస్తారు, మళ్లీ తియ్యకుండా. ఇక స్టెన్సిల్ పద్ధతికి మొదట్లో వాడింది కాగితం కాదు, సీల్ చర్మం. ఎందుకంటే చర్మాన్ని ఆకారాలుగా కోసి ఒకదాంట్లో ఒకటి పొదిగి కుట్టడం అక్కడి ఆడవాళ్లకి అమ్మమ్మల నాటి పని. కింగైట్ ఆర్టిస్టు కెనోజువాక్ అషెవాక్ మొట్టమొదటి ప్రింట్, సముద్రపు నాచు తింటున్న కుందేలు, ఆమె తన సీల్ చర్మం సంచీ మీద వేసుకున్న డిజైన్ నుంచే వచ్చింది. ఆ సంచీ హ్యూస్టన్ కుట్టాడా?

వరంగల్ వాకిలి:
అక్క మంచిగ చెప్పింది. నేనొక్కటి అడుగుత, కడుపు సంగతి ఎవ్వరు మాట్లాడరేంది? తెల్ల నక్క తోళ్ల రేట్లు పడిపోయినయ్, గా తోళ్లమీద బతికెటోళ్లు అప్పులపాలైన్రు, టీబీ వస్తే ఓడెక్కించి దక్షిణం దిక్కు దవాఖానలకు తీస్కపోయిన్రు. కెనోజువాక్ గూడ 1952 నుంచి మూడేండ్లు క్యూబెక్ దవాఖానల్నే ఉన్నది. అసుంటి టైంల బొమ్మ చెక్కితె పైసలొస్తయంటె చెక్కరా మరి? 1959ల కోఆపరేటివ్ పెట్టుకున్నరు, దాంట్ల మెంబర్లు ఊరోళ్లే. దుకాణమంటున్నరు గద, అవు, దుకాణమే, గని ఆళ్ల దుకాణం. దుకాణం ఉంటె సంప్రదాయం ఉండదని ఎవడు జెప్పిండు.

ఇంకోటి. 1941 నుంచి ఒక్కొక్క మనిషికి నంబర్ బిళ్ల ఇచ్చింది సర్కార్, మెడల ఏస్కొనెటందుకు, ఎందుకంటె ఆళ్ల పేర్లు రాస్తానికి ఆఫీసర్లకు వస్తలేదంట. పాత బొమ్మల కింద పేరుకు బదులు గా నంబరే చెక్కి ఉంటది కొన్నిట్ల. గిది జూస్తె నాకు హ్యూస్టన్ కంటె గీ బిళ్లే పెద్ద లొల్లి అనిపిస్తది.

తమ్ముడూ, నీ ఎలుగుబంటి చెక్కినాయన పేరేంది?

టొరంటో తమ్ముడు:
అన్నా నిజం చెప్పాలంటే తెలీదు. ఎస్కిమో ఆర్ట్ అన్నారు, ఊరి పేరు చెప్పారు. కార్డు మీద పేరుందేమో, అది ఎక్కడో పెట్టా, వెతకాలి.

మోడరేటర్:
చిన్న మాట. ఎస్కిమో అనే పదం కెనడాలో వాళ్లని పిలవడానికి ఇప్పుడు వాడరు, చాలామందికి అవమానంగా ఉంటుంది. పాత సంస్థల పేర్లలో ఉంటే సరే, మిగతా చోట్ల ఇన్యూట్ అనండి.

కాకినాడ కాజా:
చూశారా, కొన్నాయనకే చెక్కినాయన పేరు తెలీదు, నేను చెప్పేది ఇదేగా. కొనేవాడికి ఎలుగుబంటి కావాలి, మంచు కావాలి, మనిషి అక్కర్లేదు.

శారద గారూ సంచీ పాయింట్ బాగుంది, ఒప్పుకుంటా. కానీ డబ్బు ఎటు పోయిందో చూడండి. కెనోజువాక్ గుడ్లగూబ ప్రింట్, 1960 నాటిది, స్టాంపు మీద కూడా వేశారు, 2018లో టొరంటో వేలంలో ఒక కాపీ 2,16,000 డాలర్లు పలికింది. ఆమె 2013లోనే పోయింది. మళ్లీ అమ్మినప్పుడు ఆర్టిస్టుకి వాటా ఇచ్చే చట్టం కెనడాలో అప్పటికి లేదు, ఉంటే కనీసం ఇంట్లోవాళ్లకి చేరేదేమో. సంప్రదాయం వాళ్లదీ లాభం మనదీ అన్నమాట.

చిత్తూరోడు:
ఏమబ్బా కాజా, లాభం ఎవురికి పోయిందనేది ఒకటి, కళ ఎవురిదనేది ఇంకొకటి, రెండూ కలిపి పిసికేస్తాండావే. మాది శ్రీకాళహస్తి పక్కన. 1950ల్లో కలంకారీ సచ్చిపోయే స్టేజీలో ఉంటే కమలాదేవి ఛటోపాధ్యాయ వచ్చి ట్రైనింగ్ సెంటర్ పెట్టించింది, సూడు, అదే టైము. ఆయమ్మ మా ఊరామె కాదు, మంగుళూరామె. అయితే కలంకారీ మాది కాకుండా పోయిందా? గుళ్లో ఎనకాల కట్టే గుడ్డ పోయి ఇప్పుడు దుపట్టా అయింది, చీర అయింది, పెన్నుకు గుడ్డ చుట్టి గీసే చెయ్యి మాత్రం అదే.

మా బాధ వేరే. మిషిన్ ప్రింటు గుడ్డ తెచ్చి కలంకారీ అని అమ్మేస్తా ఉంటారు బజార్లో. వాళ్లకీ అదే తంటా, ఫ్యాక్టరీలో పోతపోసిన ఎలుగుబంట్లు. అందుకే 1958లో కెనడా ప్రభుత్వం ఇగ్లూ గుర్తు ఉండే ట్యాగ్ పెట్టింది, మన జీఐ ట్యాగ్ మాదిరి అనుకో. కానీ ఆ ట్యాగ్ ఇన్యూట్‌లే నడిపే ఇన్యూట్ ఆర్ట్ ఫౌండేషన్ చేతికి వచ్చింది 2017లో. దాదాపు 60 ఏండ్లు వాళ్ల కళ అసలుదా కాదా అని ముద్ర కొట్టింది సర్కారు. కాజా, నువ్వు కోప్పడాల్సింది దీని మీద.

శారద వి:
కాజా గారు అన్న "ఎలుగుబంటి కావాలి, మనిషి అక్కర్లేదు" దగ్గరికి వస్తాను, అది మాత్రం నన్నూ గుచ్చుతోంది. కింగైట్‌లోనే మూడు తరాల ఆడవాళ్లు. పిట్సియోలాక్ అషూనా, ఆమె కూతురు నపాచీ పూటూగూక్, మనవరాలు యానీ పూటూగూక్. అమ్మమ్మ గుడారాలు, వలసలు, పాత బతుకు గీసింది. యానీ గీసింది కలర్ పెన్సిళ్లతో తన చుట్టూ ఉన్నది, టీవీ ముందు కూర్చున్న ఇల్లు, కోఆపరేటివ్ దుకాణంలో కొనుక్కునే సరుకులు, తాగి కొట్టే మొగుడు. 2006లో సోబీ అవార్డు వచ్చింది, 50,000 డాలర్లు, అప్పట్లో కెనడా యువ ఆర్టిస్టులకిచ్చిన పెద్ద బహుమతి. మరి ఆ బొమ్మల్లో ఎలుగుబంటి లేదే, షామాన్ అనే మంత్రగాడు లేడే, అవి ఇన్యూట్‌వి కావా? 2016లో ఒట్టావాలో నదిలో శవమై దొరికింది, 47 ఏళ్లు. ఆ సంగతి రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడదు నాకు.

నా అసలు ఫిర్యాదు ఇంకోటి ఉంది, ఎవరూ ఎత్తడం లేదు. ప్రింట్ అంటే బొమ్మ గీసినవాళ్ల పేరే అందరికీ తెలుసు. రాయి చెక్కింది వేరేవాళ్లు, అచ్చు తీసింది వేరేవాళ్లు. విచిత్రం ఏంటంటే హ్యూస్టన్ నేర్చుకున్న హిరత్సుకా గారిది అన్నీ ఆర్టిస్టే చేసుకోవాలనే స్కూలు, కింగైట్‌లో స్థిరపడ్డది మాత్రం పని పంచుకునే పాత జపాన్ పద్ధతి. చెక్కినవాళ్ల పేరో గుర్తో అంచున వేస్తారు, నిజమే, కానీ ఎవరు చదువుతారు?

కాకినాడ కాజా:
యానీ పేరు వినలేదు, ఇప్పుడే చూశా. సరే, ఆమెది ఎవరో చెబితే గీసిన బొమ్మ కాదు, ఒప్పుకున్నా. కానీ ఆమెకి పేరొచ్చింది 2000ల తర్వాత, అంతకు ముందు 50 ఏళ్లు కౌన్సిళ్లకీ కొనేవాళ్లకీ నచ్చేవే బయటికొచ్చాయి. సంప్రదాయం వాళ్లదే అంటా, ఎంపిక వాళ్లది కాదంటా. ఇక్కడ ఆగుతా, ఆఫీసుంది.

వరంగల్ వాకిలి:
గీ మాటకు నేన్గూడ ఒప్పుకుంట. ఆఫీస్కు పో.

తమ్ముడూ కార్డు దొరికిందా?

టొరంటో తమ్ముడు:
కార్డు దొరకలేదన్నా, మా ఆవిడ పడేసిందట. కానీ బొమ్మ తిరగేసి చూస్తే పాదం కింద ఏదో గీకి ఉంది! ఇన్ని రోజులు గీతలు పడ్డాయనుకున్నా. త్రికోణాలు, కొక్కేల్లాంటివి. అది వాళ్ల లిపి అంట కదా?

శారద వి:
అవునండీ, సిలబిక్స్. మనకి సులువే, గుణింతం లాంటిది. ఆకారం హల్లు, అది ఎటు తిరిగిందో అది అచ్చు. మూసిన త్రికోణం మొన పైకుంటే ఇ, కుడికుంటే ఉ, ఎడమకుంటే అ. అడుగు లేకుండా గొడుగులా ఉంటే పి, పు, ప. నెత్తిన చుక్క ఉంటే దీర్ఘం. పైన చిన్నగా రాసింది పొల్లు. ఫోటో పెట్టకండి, మీరే చదవండి.

టొరంటో తమ్ముడు:
ఆగండి భూతద్దం తెచ్చా. మొదటిది గొడుగు, మొన ఎడమకి... ప. నెత్తిన చుక్క ఉంది, పా. రెండోది మూసిన త్రికోణం, కుడికి, ఉ. తర్వాతది కొక్కెంలా ఉంది, మీరు చెప్పిన వాటిలో లేదు. అది ఏంటి?