ఫేజ్ 1 ట్రయల్‌లో చేరినవాళ్లకి రోజులు ఎలా గడిచాయి?

అందరికీ నమస్కారం. మా నాన్నకి 63 ఏళ్లు, ఊపిరితిత్తుల క్యాన్సర్. రెండు రకాల కీమో అయ్యాక కూడా గడ్డ మళ్లీ పెరిగింది. హైదరాబాద్‌లో ఒక కొత్త మందు ఫేజ్ 1 ట్రయల్ (మనుషుల మీద చేసే తొలి దశ పరీక్ష) ఉంది, ఆలోచించుకోండి అన్నారు డాక్టరుగారు. ఈ దశలో ముఖ్యంగా చూసేది ఎంత డోసు తట్టుకోగలరన్నదే, తగ్గుతుందన్న హామీ లేదని ఆయనే చెప్పారు. ట్రయల్ సీటీఆర్ఐలో (మన దేశంలో ఇలాంటి ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) నమోదై ఉంది, చూశాను. ఎప్పుడైనా మానేసే హక్కు ఉందనీ తెలుసు. నా టెన్షన్ కాగితాల గురించి కాదు.

మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. మొదటి నెలంతా వారం వారం వెళ్లాలట, కొన్ని రోజులు గంటల తేడాతో పదే పదే రక్తం తీస్తారట. నాన్న ఇప్పటికీ పొద్దున్నే మిరప చేను దాకా నడిచొస్తారు (వద్దంటే వినరు). ఆ నడక కూడా పోతుందేమోనని భయం.

మీ ఇంట్లో ఎవరైనా చేరారా? తిండి, నిద్ర, నీరసం ఎలా ఉండేవి? మధ్యలో మానేస్తామంటే ఏమన్నారు? అమ్మేమో ఏదో ఒకటి చేయాలి కదా అంటోంది. నాన్న "మీ ఇష్టం" అని ఊరుకున్నారు. ఆయన మనసులో మాట ఎలా రాబట్టాలో కూడా చెప్పండి.