కార్బెండజిమ్ పోసిన మిరపలో ట్రైకోడెర్మా ఎప్పుడు వేయాలి?

గుంటూరు దగ్గర ప్రత్తిపాడు వైపు మాది రెండెకరాల మిరప తోటండీ, నల్లరేగడి. మొన్నటి వానలకు నీళ్లు నిలిచిన పల్లపు సాళ్లలో మొక్కలు పచ్చగా ఉండగానే వడలిపోతున్నాయి, పీకి చూస్తే వేరు గోధుమరంగుకి తిరిగి, పై తొక్క చేతికి ఊడొస్తోంది. ట్రైకోడెర్మా విరిడి (తెగులు శిలీంధ్రాలను అణిచే మంచి శిలీంధ్రం) పొడి రెండు కిలోలు, వంద కిలోల చివికిన పశువుల ఎరువు, పది కిలోల వేపపిండి కలిపి చెట్టు నీడన తడి గోనెపట్టాలు కప్పి వారమైంది. పైన తెల్లబూజు పట్టి ఇప్పుడు పచ్చబడుతోంది, బాగానే పెరిగినట్టేగా?

టెన్షన్ ఏంటంటే, మందుల కొట్టులో చెప్పారని ఐదు రోజుల క్రితం మొదళ్లలో కార్బెండజిమ్ అనే శిలీంధ్రాలను చంపే మందు పోశాను, అది ఈ మంచి శిలీంధ్రాన్ని కూడా చంపుతుందని తర్వాత తెలిసింది. ఇంకెన్నాళ్లు ఆగాలి? ఇలా వేసినవాళ్లు ఎవరైనా చెప్పండి, రోజూ నాలుగైదు మొక్కలు పోతుంటే ప్రాణం ఉసూరుమంటోంది.