షెల్బీ జీటీ350కి ఆర్ మోడల్ కార్బన్ వీల్స్ వేస్తే నిజంగా ఏం మారుతుంది?

ఫ్రిస్కో_ఫ్లాట్‌ప్లేన్

అందరికీ నమస్తే. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాను. నా కారు 2017 షెల్బీ జీటీ350 (ఫోర్డ్ మస్టాంగ్‌లో ట్రాక్ కోసం పదునుపెట్టిన రకం), మామూలుదే, ఇంకా పదునైన ఆర్ మోడల్ కాదు. ఇక్కడికి రెండు గంటల దూరంలో ఒకాయన తన జీటీ350ఆర్ కార్బన్ ఫైబర్ వీల్స్ నాలుగూ అమ్ముతున్నాడు, కారు అమ్మేసి వీల్స్ మాత్రం ఉంచుకున్నాడట. ధర ఇక్కడ రాయను, మా ఆవిడ కూడా ఈ సైట్ చూస్తుంది.

నా కారుకి బోల్ట్ ఆన్‌గా, అంటే కారుని ఏమీ కోయకుండానే, కూర్చుంటాయా, నట్లు మార్చాలా, టైర్లు పాతవే పనికొస్తాయా? రోజూ ఆఫీసుకి వేరే కారు ఉంది, దీన్ని శనాదివారాలు బయటికి తీస్తాను, ఏడాదికి మూడు నాలుగు సార్లు ట్రాక్‌కి వెళ్తాను. ఇంకో డౌట్, సెకండ్ హ్యాండ్ కార్బన్ వీల్ బాగుందో లేదో మామూలు మనిషి చూసి చెప్పగలడా? అల్యూమినియం అయితే వంకర పోతే కంటికి కనిపిస్తుంది, బ్యాలెన్సింగ్ మెషీన్ మీద పెడితే తెలిసిపోతుంది. ఇది పగిలేదాకా చెప్పదని అంటున్నారు, ఆ మాటకే టెన్షన్.

క్రెసన్_కుర్రాడు

అన్నా, నా జీటీ350 మీద అవే వీల్స్ మూడేళ్ళుగా ఉన్నాయి కాబట్టి చెప్తున్నా. కూర్చుంటాయి. బోల్ట్ ప్యాటర్న్ ఒకటే, 5x114.3 (114.3 ఎంఎం వృత్తం మీద ఐదు బోల్టులు), స్టడ్‌లు ఒకటే, బ్రేకులు కూడా ఒకటే, ముందు 394 ఎంఎం డిస్కులు రెండింటికీ. నీ వీల్ ముందు 19x10.5 (అంగుళాల్లో వ్యాసం, వెడల్పు), వెనక 19x11. ఆర్‌ది ముందు 19x11, వెనక 19x11.5. అరంగుళం వెడల్పు పెరుగుతుంది, నా కారుకి ఎక్కడా రాసుకోలేదు.

టైర్ల దగ్గర మాత్రం ఆగి ఆలోచించు. నీవి ముందు 295/35, వెనక 305/35 (మొదటిది ఎంఎంలో వెడల్పు, రెండోది టైరు పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో). ఆర్‌కి ముందు 305/30, వెనక 315/30. ఈ 35కీ 30కీ తేడా చిన్నదే కదా అనుకుంటారు అందరూ, నేనూ అనుకున్నా. లెక్కేస్తే వెనక టైరు ఎత్తు సుమారు 696 ఎంఎం నుంచి 672కి దిగుతుంది, అంటే మూడున్నర శాతం తగ్గినట్టు. కారు 12 ఎంఎం కిందకి కూర్చుంటుంది, స్పీడోమీటర్ 70 మైళ్ళు చూపిస్తుంటే నిజంగా వెళ్ళేది 67, 68. గేరింగ్ కూడా ఆ మేరకు షార్ట్ అవుతుంది, అంటే అదే గేర్‌లో లాగుడు కాస్త పెరుగుతుంది. కార్బన్ వీల్స్ వేసిన మొదటి రోజు "అబ్బ, కారు ఎగిరిపోతోంది" అనేవాళ్ళలో సగం మందికి నచ్చింది ఆ చిన్న టైరే, వీల్ కాదు. నేనూ ఆ సగంలో వాడినే, ఒప్పుకుంటా.

బిగించేటప్పుడు ఇంపాక్ట్ గన్ (నట్లని గబగబా బిగించే మెషీన్) దగ్గరికి రానివ్వకు. ముందు హబ్ ముఖం (వీల్ ఆనుకునే చోటు) మీద తుప్పు, దుమ్ము గట్టి నైలాన్ బ్రష్‌తో శుభ్రంగా తియ్యి, అక్కడ ఒక చిన్న పెచ్చు మిగిలినా వీల్ సమంగా కూర్చోదు. నట్లు నీ పాతవి వాడకు, ఆ వీల్‌కి ఏవి చెప్పారో పార్ట్స్ కౌంటర్‌లో అడిగి అవే తీసుకో. అన్నీ చేత్తో తిప్పి ఎక్కించు, తర్వాత టార్క్ రెంచ్‌తో స్టార్ ఆకారంలో, ఒకదాని ఎదురు ఒకటి, రెండు విడతల్లో 150 ఫుట్‌పౌండ్లకి తీసుకెళ్ళు, అంటే 204 న్యూటన్ మీటర్లు. థ్రెడ్లకి గ్రీజు, ఆయిల్ పూయకు, పూస్తే రెంచ్ టక్కుమన్నా లోపల బిగువు వేరేగా ఉంటుంది. వంద మైళ్ళలోపు మళ్ళీ ఓసారి చెక్ చెయ్యాలి. ఇది మాన్యువల్‌లో ఏ వీల్‌కైనా ఉన్న మాటే, ఎవరూ చదవరు.

ట్రాక్‌కి వెళ్తే ప్రతి సెషన్ తర్వాత చూసుకో, కానీ వేడిగా ఉన్నప్పుడు రెంచ్ పెట్టకు. చల్లారనివ్వు.

డెట్రాయిట్_బాబాయ్

తమ్ముడు ఫిట్‌మెంట్ బాగా చెప్పాడు. నేను ఇరవై ఏళ్ళుగా కాంపోజిట్ పార్టుల (కార్బన్ లాంటి పోగుల్ని జిగురుతో కలిపి చేసేవి) పనిలోనే ఉన్నాను (వీల్స్ కాదు, వేరే భాగాలు), కాబట్టి మెటీరియల్ సంగతి నేను చెప్తాను.

ఆ వీల్స్ చేసింది ఆస్ట్రేలియాలో జీలాంగ్ ఊళ్ళో ఉన్న కార్బన్ రెవల్యూషన్ అనే కంపెనీ. పెద్ద కంపెనీ సిరీస్‌గా తయారుచేసే కారుకి ఫ్యాక్టరీ నుంచే కార్బన్ వీల్స్ ఇవ్వడం జీటీ350ఆర్‌తోనే మొదలు. ఫోర్డ్ చెప్పిన లెక్క ఒక్కో వీల్ 18 పౌండ్లు, అదే సైజు అల్యూమినియం అయితే 33. నాలుగింటికి 60 పౌండ్లు తగ్గినట్టు.

ఇప్పుడు ఈ 60 పౌండ్ల గురించి. రిమ్ అంచున ఉన్న బరువు ముందుకీ కదలాలి, గుండ్రంగానూ తిరగాలి, అందుకని యాక్సిలరేషన్‌లో ఎక్కువలో ఎక్కువ రెట్టింపు లెక్కలోకి వస్తుంది. తగ్గినదంతా అంచునే తగ్గిందనుకున్నా 120 పౌండ్లు, అంటే 54 కిలోలు. పక్క సీట్లోంచి ఒక సన్నటి మనిషిని దింపేసినట్టు, అంతే. 3,700 పౌండ్లు దాటిన కారులో అది మూడు శాతం. స్టాప్‌వాచ్ మీద ఆశలు పెట్టుకుని కొనకు. తేడా తెలిసేది గతుకు మీద. స్ప్రింగ్ కింద వేలాడే బరువు తగ్గింది కాబట్టి టైరు గతుకు ఎక్కి దిగి వెంటనే రోడ్డుని పట్టుకుంటుంది, డ్యాంపర్‌కి (షాక్ అబ్జార్బర్‌కి) అదుపు చెయ్యాల్సిన బరువు తక్కువ. ఆర్‌లో ఫోర్డ్ వాళ్ళు ఈ కారణంతోనే మ్యాగ్నరైడ్ (గట్టిదనం కరెంటుతో మారే రకం) డ్యాంపర్ల ట్యూనింగ్ కూడా మార్చారు. నీ కారులో డ్యాంపర్లు బరువు వీల్స్‌కి ట్యూన్ చేసినవి, బాగానే పనిచేస్తాయి, కానీ ఆర్ నడిపినట్టే ఉంటుందనుకోకు.

ఇక పగుళ్ళ భయం. అల్యూమినియం దెబ్బ తగిలితే వంగి ఆ శక్తిని మింగేస్తుంది. కార్బన్‌కి వంగి అలా ఉండిపోయే గుణం లేదు, తట్టుకున్నంత తట్టుకుంటుంది, ఆపైన పొరలు విడిపోతాయి లేదా చీలుతుంది. దానికీ ముందు వేడి సంగతి చూడాలి, ఎందుకంటే నువ్వు ట్రాక్‌కి వెళ్తానన్నావు. కార్బన్ పోగుల్ని పట్టి ఉంచే జిగురు, అంటే రెజిన్, ఒక స్థాయి దాటిన వేడిలో మెత్తబడుతుంది. ట్రాక్ మీద బ్రేక్ డిస్కులు 900 డిగ్రీల సెల్సియస్ దాటే పరిస్థితి ఉంటుందని ఫోర్డే అంది, అందుకే వీల్ లోపలి వైపు సిరామిక్ పూత వేశారు, స్పేస్ షటిల్ ఇంజిన్ల టర్బైన్ బ్లేడ్లకి వాడిన తరహాది. కాబట్టి వీల్ కొనేటప్పుడు ముందు వైపు మెరుపు చూసి మురిసిపోవద్దు, తిప్పి లోపలి వైపు చూడు. ఆ పూత పెచ్చులూడినా, రంగు మారినా వద్దను. నట్టు కూర్చునే చోట ఉన్న లోహపు ఇన్‌సర్ట్‌లు కూడా చూడు. నట్టు బిగువు నేరుగా రెజిన్ మీద పడితే అది నెమ్మదిగా అణిగి బిగువు సడలుతుంది, అందుకే అక్కడ లోహం పెడతారు. అవి కదిలినా, చుట్టూ సన్నటి గీతలున్నా వదిలెయ్యి.

ఇంట్లో చెయ్యగలిగిన పరీక్ష ఒకటుంది. కుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు వేలితో కొట్టి చూసేవాళ్ళు కదా, అదే. టైరు తీయించి, ఒక నాణెంతో రిమ్ చుట్టూ రెండేసి అంగుళాలకి ఒకసారి కొట్టుకుంటూ రా. టక్ టక్‌మని గట్టిగా పలుకుతూ ఒక్కచోట డబ్ అని మొద్దుగా పలికితే అక్కడ పొరలు విడిపోయి ఉండొచ్చు. విమానాల భాగాల్ని కూడా ఇలా కొట్టి చూస్తారు, నవ్వకండి. మందం మారే చోట, స్పోక్ రిమ్‌లో కలిసే చోట ధ్వని మామూలుగానే మారుతుంది, అందుకని ఒక వీల్‌లో ఆ చోటుని మిగతా మూడింటిలో అదే చోటుతో పోల్చుకో. అనుమానం మిగిలితే అల్ట్రాసౌండ్ చేసే వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళు.

గచ్చిబౌలి_జీటీ

బాబాయ్ గారూ, మా హైదరాబాద్‌లో ఓఆర్ఆర్ మీద ఉన్నంతసేపూ కార్బన్ వీల్స్ బ్రహ్మాండంగా ఉంటాయి. దిగాక మా కాలనీ స్పీడ్ బ్రేకర్ ఒకటుంది, దాని మీద మీ నాణెం పరీక్ష అక్కర్లేదు 😄 మీరు కానివ్వండి, చూసి ఆనందిస్తాం.

కేటీ_కారప్పొడి

హ్యూస్టన్ పక్కన కేటీ నుంచి. నా అనుభవం కూడా వినండి, నాది వేరే కంపెనీ వీల్, కానీ కార్బనే.

వీల్ కొనడం దగ్గర అందరూ జాగ్రత్త పడతారు, టైరు మార్పించే దగ్గర పడరు. నేను టైరు షాపులో మూడుసార్లు చెప్పాను, ఇది కార్బన్, ఇనప లివర్ వద్దు, లివర్ లేని మెషీన్ మీద ఎక్కించండి, కొట్టే రకం బ్యాలెన్స్ వెయిట్లు వద్దు, అంటించేవి పెట్టండి అని. కౌంటర్ దగ్గర ఉన్నతను తల ఊపాడు. లోపల పని చేసిన కుర్రాడికి ఆ మాట చేరలేదు. నేను కాఫీ తాగి వచ్చేసరికి రిమ్ అంచుకి సుత్తితో కొట్టిన వెయిట్ ఉంది. తీసి చూస్తే పెయింటు లేచిపోయి పోగులు బయటపడ్డాయి. తయారుచేసిన వాళ్ళకి ఫొటోలు పంపితే రోడ్డు మీద వాడొద్దన్నారు. రిపేరు లేదు, అల్యూమినియంలా వెల్డింగ్ చేసి సాపు చేయించుకునే వ్యవహారం కాదిది. ఆ వీల్ ఇప్పుడు గరాజ్ గోడకి వేలాడుతోంది, వచ్చినవాళ్ళు గడియారం పెట్టించమంటారు.

కాబట్టి పని చేస్తున్నంతసేపూ పక్కనే నిలబడు, మొహమాటపడకు. ఆటోమేటిక్ కార్ వాష్‌కి వెళ్ళకు, ఆ ఇనప పట్టాలకి రిమ్ రాసుకుంటుంది. యాసిడ్ ఉండే వీల్ క్లీనర్ వద్దు, మామూలు కార్ షాంపూ చాలు. ఇంకోటి, ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేసి ఈ వీల్స్ పాలసీలో రాయించు, ఫ్యాక్టరీలో నీ కారుకి రానివి వాటంతట అవి కవర్ కావు.

ఫ్రిస్కో_ఫ్లాట్‌ప్లేన్

అందరికీ థ్యాంక్స్. శనివారం వెళ్ళొచ్చాను, చెప్పాలి కదా.

ఆయన మంచివాడే, టైర్లు తీయించి పెట్టాడు. నేను జేబులోంచి క్వార్టర్ నాణెం తీసి కొట్టడం మొదలుపెట్టగానే ఆయనకి నవ్వొచ్చింది, రెండో వీల్ దాకా వచ్చేసరికి ఆయనే ఇంకో క్వార్టర్ తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు. ముందు కుడి వీల్‌లో వాల్వ్‌కి ఎదురుగా ఒక నాలుగంగుళాల మేర డబ్ డబ్‌మంది. మిగతా మూడింటిలో అదే చోట కొడితే గట్టిగానే పలికింది. పైన గీత కూడా లేదు. ఆయన మొహం చూసి నాకే బాధేసింది, ఎందుకంటే ఆయన దాచలేదు, ఆయనకీ తెలీదు. రెండేళ్ళ క్రితం టోల్‌వే మీద ఏదో చెక్క ముక్క ఎక్కించిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి.

మూడు వీల్స్ కొనే ప్రసక్తి లేదు కాబట్టి తీసుకోలేదు. ఆయన దాన్ని అల్ట్రాసౌండ్‌కి పంపిస్తానన్నాడు. బాబాయ్, రిపోర్టు వస్తే ఇక్కడే పెడతాను, మీరు చూసి చెప్పాలి.

ఈలోగా క్రెసన్ తమ్ముడూ, ఒక మాట అడగాలి. నా అల్యూమినియం వీల్స్ మీదే 305/30, 315/30 వేసుకుంటే ఆ గేరింగ్ మజా అన్నా దక్కుతుంది కదా? 315 నా 11 అంగుళాల వెనక రిమ్ మీద సరిగ్గా కూర్చుంటుందా?