రెండో ప్రపంచ యుద్ధపు ఫైటర్ విమానాల్లో ముందు లొంగేది మనిషా, రెక్కా?

వాయుపుత్ర:
జి-సూట్ (రక్తం కాళ్లలోకి జారకుండా ఒంటిని నొక్కిపట్టే దుస్తులు) లేని పైలట్‌కు ఐదు జి (అంటే ఒంటి బరువుకు ఐదింతల భారం) దగ్గర కళ్ల ముందు చీకట్లు కమ్ముతాయి. మరికొన్ని క్షణాలు అలాగే కంట్రోల్ స్టిక్ లాగి పట్టుకుంటే స్పృహ తప్పుతుంది. అమెరికా ఫైటర్ ముస్టాంగ్‌ను 8,000 పౌండ్ల బరువు మీద 8 జికి రూపొందించారు, విరిగే హద్దు 12. ముందు లొంగేది మనిషే.

శాస్త్రి_కాకినాడ:
ఆ 8,000 పౌండ్లనే మీరు దాటవేస్తున్నారు. డి రకం ముస్టాంగ్ నిండు ఇంధనంతో బయలుదేరేటప్పుడు 10,000 దాటేది. రెక్క ఓర్చుకునే మొత్తం భారం మారదు కనుక, 8 జి కాస్తా 6.4కు దిగుతుంది.

వాయుపుత్ర:
6.4 అయినా ఐదు కంటే ఎక్కువే కదండీ. మనిషి బలహీనుడు కాబట్టే విల్బర్ ఫ్రాంక్స్ అనే శాస్త్రవేత్త కెనడాలో నీళ్లు నింపిన సూట్ తయారుచేశారు. 1942 నవంబరులో ఉత్తర ఆఫ్రికాలో బ్రిటిష్ నౌకాదళ పైలట్లు దాన్ని తొడుక్కున్నారు.

మాధవి:
ఆ సూట్ తొడుక్కున్నవాడు ఇంకొక జి ఎక్కువ లాగితే, అప్పుడు రెక్క సంగతేమిటి?

శాస్త్రి_కాకినాడ:
అదీ ప్రశ్న. పైగా జి ఒక్కటే హద్దు కాదు. 1941 ఏప్రిల్‌లో జపాన్ ఫైటర్ జీరోను డైవ్‌లో (నిటారుగా కిందికి దూకించి) పరీక్షిస్తూ లెఫ్టినెంట్ షిమొకావా మరణించింది ఐలెరాన్లు (రెక్క వెనక అంచున కదిలే పలకలు) ఫ్లట్టర్‌కు, అంటే అదుపు తప్పిన కంపానికి, లోనై రెక్క దెబ్బతిన్నందువల్ల. నేను పదిహేడేళ్లు విమానాల మరమ్మతులో పనిచేశాను. ఒకసారి రెక్క అడుగు రేకు ముడతపడిందని, రివెట్లు వదులయ్యాయని రాస్తే, పైలట్ క్షేమంగానే దిగాడు కదా అని పై అధికారి ఆ పుటనే మార్పించాడు. మీ వాదన అచ్చంగా ఆయన మాటే.

వాయుపుత్ర:
మీ అధికారి మీది కోపం నా మీద చూపడం న్యాయం కాదు. మా పెదనాన్నగారు పైలట్. ఒంటి మీద పడిన భారం గురించి ఆయన చెబితే, కింద నిలబడ్డవాళ్లు పరికరంలో కనిపించలేదని కొట్టిపారేసేవారు. పైలట్ మాటను ఎవరూ నమ్మలేదన్నదే నా బాధ.

శాస్త్రి_కాకినాడ:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్‌లో మామూలుగా జిని కొలిచే జి-మీటరే ఉండేది కాదు. పైలట్ జ్ఞాపకం, రేకు మీది ముడత, ఈ రెండే సాక్ష్యాలు. పెదనాన్నగారి మాటను నేను నమ్ముతాను. కానీ ఆయన తేరుకున్నా, సాగిన రేకు తేరుకోదు. అందుకే నా ముడతను కూడా నమ్మమంటున్నాను.

వాయుపుత్ర:
నమ్ముతాను. అయితే రెండూ విభేదించిన రోజున ఆ విమానాన్ని మళ్లీ ఎగరనిచ్చే సంతకం ఎవరిది కావాలి?

శాస్త్రి_కాకినాడ:
టార్చి పట్టుకుని రెక్క కింద దూరినవాడిది.

వాయుపుత్ర:
అక్కడ మాత్రం నేను ఒప్పుకోను.